రాయి మీద పేరు

"జర ఆ కుంచె నాకియ్యి బిడ్డా, ఒక్క పూత నేనేస్త," అని యేసుమణి చెయ్యి చాపింది.

వినీల నవ్వి సున్నం డబ్బా తన వైపు జరుపుకుంది. "మా అమ్మ సమాధికి నేనే వెయ్యాలె పెద్దమ్మా. నువ్వు నీ దిక్కు చూస్కో."

ఈస్టర్ ముందు శనివారం పాల్మాకుల సమాధుల తోటలో ఎవరి మనుషుల సమాధులకు వాళ్లు సున్నం వేసుకుంటారు. యేసుమణి చెయ్యి వెనక్కి తీసుకుని, పక్కనున్న మట్టిదిబ్బ మీద గడ్డి పీకడం మొదలుపెట్టింది. ఇరవై రెండేళ్లుగా ఇదే వరస. ఆమె భర్త జయశీలన్, వినీల తల్లి అనంతమ్మ ఒకే వానాకాలం వారం తేడాతో పోయారు. పక్కపక్కనే పూడ్చారు. నాటిన కర్ర సిలువలు ఆ వానలకే కొట్టుకుపోయాయి. మరుసటి ఈస్టర్‌కు ఆరేళ్ల వినీల పరుగెత్తుకొచ్చి సమాధిని కావలించుకుని పడుకుంటే, లేపడానికి యేసుమణికి మనసొప్పలేదు. పెద్దయ్యాక ఎయిర్‌పోర్టులో ఉద్యోగం రాగానే ఆ పిల్ల దానికి సిమెంటు చేయించింది.

యేసుమణికి పిల్లల్లేరు. భర్త మీద బెంగ ఏటికేడు పెరిగిందే గానీ తగ్గలేదు. ఒక్కసారి ఆయన సమాధి మీద చెయ్యేసి తనివితీరా ఏడవాలని ప్రాణం కొట్టుకునేది. పక్కన ఈ పిల్ల ఉంది కదా అని ఆపుకునేది.

ఈసారి వినీల తల్లి పేరు చెక్కించిన నల్లరాయి తెచ్చింది. సంఘం పెద్దలు మాత్రం మెలిక పెట్టారు. రిజిస్టర్లో ఏ సమాధి ఎవరిదో రాసి లేదు, తెలిసినవాళ్లెవరైనా చెబితేనే రాయి పెట్టనిస్తామన్నారు.

"రేపు అయ్యగారు నిన్నే అడుగుతడంట పెద్దమ్మా," అంది వినీల. "అప్పటోళ్లల్ల నువ్వొక్కదానివే మిగిలినవ్. నాకు అమ్మ ఫొటో గూడ లేదు. ఉన్నది ఇదొక్కటే."

యేసుమణి గడ్డి పీకుతూనే ఉంది.

తెల్లవారకముందే కొవ్వొత్తులు పట్టుకుని, క్రీస్తు లేచాడని పాడుకుంటూ అందరూ తోటకొచ్చారు. వినీల డ్యూటీ నుంచి యూనిఫాంలోనే దిగింది. క్రీస్తు లేచిన ఆదివారం ఆయన సమాధి దగ్గరికి మొదట పోయింది ఆడవాళ్లేననీ, వాళ్లు వెతికిన మనిషి అక్కడ లేడనీ పాస్టర్ వినోద్ కుమార్ ఏటా చెప్పేదే మళ్లీ చెప్పాడు. మధ్యలో విమానం వెళ్లినంతసేపూ ప్రసంగం ఆగింది. ఇక్కడి దేవుడికీ అది అలవాటే.

చివరికి ఆయన యేసుమణి వైపు తిరిగాడు.

"ఒకసారి రాయి పెట్టినంక ఇగ తీసుడుండదమ్మా. సంఘం ముందర చెప్పు. ఇది అనంతమ్మదేనా?"

యేసుమణి ముందుకొచ్చింది. తెల్లటి సున్నం మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు తియ్యలేదు.

"అనంతమ్మదే అయ్యగారూ. రాయి పెట్టుండ్రి."

వినీల ఆమెను వాటేసుకుని ఏడ్చింది. యేసుమణి కూడా ఆ ఒక్కసారికి ఆపుకోకుండా ఏడ్చింది. రాయి నిలబెట్టారు. అందరూ దాని చుట్టూ చేరి పాట అందుకున్నారు.

యేసుమణి ఒక్కతే ఏటా తను గడ్డి పీకే పక్క మట్టిదిబ్బ దగ్గరికి వచ్చి, మోకాళ్ల మీద కూర్చుని కొవ్వొత్తి వెలిగించింది. ఎవరికీ వినబడకుండా, వంగి చెప్పింది.

"అనంతమ్మా, నీ బిడ్డ మంచిగున్నది."