కొత్త పత్తి బూరెలు

గుండ్లకమ్మ పొంగి దర్శి దారి తెగిపోయిన ఏడు.

ఆ ఏడు పత్తి ఆలస్యంగా వచ్చింది. చలమయ్య మిల్లులో కొత్త పత్తి భోజనాలూ ఆలస్యంగానే పెట్టారు.

పప్పు, నెయ్యి, పులిహోర, బూరెలు. కూలివాళ్లకు ఏడాదికొక్కసారి.

ఆ నాటికొక పద్ధతి ఉంది. విస్తళ్ల ముందు నుంచి లేచినవాళ్లు నేరుగా వెళ్లి మిషన్‌కు పత్తి పెట్టాలి. పొద్దుగూకేదాకా మిషన్ ఆగకూడదు. ఆగితే మిల్లుకు అరిష్టం.

విస్తళ్లు వేస్తుంటే ఎవరో ముసలాయన గేటు దగ్గరకొచ్చి నిలబడ్డాడు. మాసిన పంచె, భుజాన తువ్వాలు.

"శుభం నాడు వచ్చావు. కూచో పెద్దాయనా," అన్నాడు చలమయ్య.

ముసలాయన కూర్చున్నాడు. వడ్డించబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"తిన్నాక వీళ్లను కాసేపు పడుకోనిస్తానంటేనే తింటాను."

పంక్తిలో అందరూ నవ్వారు.

"పెళ్లికొచ్చావా, పనికాడికొచ్చావా తాతా?" అన్నాడు మేస్త్రీ బుల్లయ్య.

"బూరెలు తిన్నవాళ్లకు కునుకొస్తుంది. మీ మిషన్‌కు రాదు."

చలమయ్య ముఖం ఎర్రబడింది. "శుభమా అని మొదలెడుతుంటే ఏం మాటలయ్యా అవి?"

"ఉన్న మాటే."

మిషన్ ముందు కూర్చునే పున్నమ్మ కసిరింది. "నీకొద్దంటే ఊరుకో. మా నోటికాడ కూడు చెడగొట్టమాక."

ఆమె విస్తట్లో ఇంకో బూరె పడింది.

భోజనాలయ్యాయి. ఇంజను మొదలైంది.

పున్నమ్మ తిరిగే రోలర్లకు పత్తి అందిస్తోంది. గింజలు కింద రాలుతున్నాయి. దూది అవతలికి పోతోంది. పైన రేకులు కాలుతున్నాయి. కడుపు నిండుగా ఉంది. ఇంజను చప్పుడు జోలపాటలా ఉంది.

ముసలాయన వెళ్లలేదు. గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఇంకా ఇక్కడేం పని?" అన్నాడు బుల్లయ్య.

"ఆమె తల చూడు."

పున్నమ్మ తల ఒరిగింది. చెయ్యి పత్తితోపాటు ముందుకు జారింది.

ముసలాయన మూలనున్న కర్ర అందుకుని ఇంజను బెల్టును చక్రం మీంచి తోసేశాడు. మిషన్ ఆగింది.

పున్నమ్మ వేళ్లు రోలర్లను ఆనుకుని ఉన్నాయి.

చలమయ్య పరుగెత్తుకొచ్చాడు. "నిద్రపోయావా?"

పని పోతుందని ఆమె భయం.

"లేదండీ. మెలకువగానే ఉన్నా."

చలమయ్య ముసలాయన మీదికి తిరిగాడు. "ఏరా, కొత్త పత్తి నాడు నా మిల్లు ఆపుతావా?"

"రేపొచ్చినా ఆపుతా."

చలమయ్య ఆయన చెంప మీద కొట్టాడు. బుల్లయ్య మెడపట్టి గేటు బయటికి నెట్టాడు. కిందపడ్డ ముసలాయన లేచి, పంచెకంటిన దుమ్ము దులుపుకుని నడిచిపోయాడు.

మర్నాడు పొద్దున పున్నమ్మ మిషన్ ముందు కూర్చోలేదు. చలమయ్యకు ఎదురుగా నిలబడింది.

"నిన్న నిద్రపోయానండీ. అబద్ధం చెప్పా. ఇకమీదట తిన్నాక కాసేపు నడుం వాల్చందే మిషన్ ముట్టను. తీసేస్తే తీసేయండి."

మిగతా ఆడవాళ్లు వచ్చి ఆమె పక్కన నిలబడ్డారు.

అప్పుడే కరీముల్లా పత్తి బండి తోలుకొచ్చాడు. బుల్లయ్య అతనికి జరిగింది చెప్పాడు.

కరీముల్లా బండి దిగాడు. "ఆయన్నా కొట్టింది?"

"నీకు తెలుసా?" అన్నాడు చలమయ్య.

"మా అక్క కరీమున్ చెయ్యి ఆయన మిల్లులోనే పోయిందండీ. ఇట్టాగే బూరెలు తిన్న మధ్యాహ్నం. ఆ రోజు వేసిన తాళం ఆయన మళ్లీ తియ్యలా."

చలమయ్య కాసేపు తన అరచెయ్యి చూసుకున్నాడు.

"ఇప్పుడెక్కడున్నాడు?"

"పొరుగూళ్లో. అక్కడ ఇవాళ కొత్త పత్తి."

చలమయ్య చెప్పులు తొడుక్కునేసరికి, తిన్నవాళ్లను తిన్నట్టే మిషన్ ముందు కూర్చోబెట్టే పద్ధతిని ఈ తట్టు మొట్టమొదట పెట్టిన ఆ ముసలాయన, శ్రీమన్నారాయణ, పొరుగూరి మిల్లు గేటు తోసుకుని లోపలికి వెళ్తున్నాడు.