చప్పుడుకు ముందు

పోయిన మనిషి మళ్లీ ఆ ఇంటి బిడ్డగానే కడుపున పడతాడని మనవాళ్లలో ఒక నమ్మకం ఉంది.

“చూశావా అన్నయ్యా! బ్లాస్టింగ్ ఇంకా అవనే లేదు, అప్పుడే ఉలిక్కిపడ్డారు,” అంది లలితాంబ, కోడలి పొట్ట మీద నుంచి చెయ్యి తీయకుండా.

ఆమె మాట ముగిశాక, జగ్గయ్యపేట శివార్లలోని సున్నపురాయి క్వారీ వైపు నుంచి రోజూ మధ్యాహ్నం వచ్చే పేలుడు ధన్‌మని వినిపించింది. కిటికీ అద్దాలు గలగల్లాడాయి. పెరట్లో కాకులు ఒక్కుమ్మడిగా లేచాయి.

కుటుంబరావు చదువుతున్న పుస్తకం మూశాడు. “పుట్టనివాడికి ఆ మర్యాద ఏమిటి లలితా?”

“మీ బావగారికి మర్యాద ఇవ్వొద్దా?” ఆమె గొంతు తగ్గించింది. “ఆ క్వారీలోనే కదా పోయారు. మందు ఎప్పుడు అంటుకుంటుందో ఆయనకు కాక ఎవరికి తెలుస్తుంది?”

“అత్తయ్యా, అలా అనకు. భయమేస్తోంది,” అంది లాస్య.

“భయమెందుకే? మీ మామయ్యేగా!”

“మామయ్యని కడుపులో పెట్టుకుని తిరగమంటే భయంగా ఉండదా మరి?”

కుటుంబరావు నవ్వాడు గానీ ఆ నవ్వు నిలవలేదు. కళాశాలలో జంతుశాస్త్రం చెప్పి రిటైరైన ఆయన, పునర్జన్మలను ఇంటి గడప తొక్కనిచ్చిన మనిషి కాడు. అయినా తన కళ్లతో చూశాడు. ముందు కూతురి పొట్ట మీద చీర కుచ్చెళ్లు ఎగిరిపడ్డాయి. తరువాత చెల్లెలి మాట. ఆ తరువాతే పేలుడు.

లాస్య, అత్తగారిని తోడు తీసుకుని, పురిటికి నందిగామ నుంచి పుట్టింటికి వచ్చింది. ఆమె అసలు భయం వేరు. తండ్రి వద్దన్నా వినక మేనత్త కొడుకు సుశాంత్‌నే చేసుకుంది. సుశాంత్ అన్న తేజస్‌కు పుట్టుచెవుడు. బిడ్డకు వినికిడి ఉందో లేదో పుట్టాకే పరీక్ష చేయగలమని నందిగామ డాక్టరమ్మ చెప్పింది. నందిగామలో ఉన్నన్నాళ్లూ లాస్యకు కంటి మీద కునుకు లేదు. ఇక్కడికి వచ్చి, క్వారీ పేలినప్పుడల్లా కడుపులో బిడ్డ ఎగిరిపడటం మొదలయ్యాకే నిద్రపోయింది.

“వినపడకపోతే ఎందుకు ఉలిక్కిపడతాడు నాన్నా?” అని అడిగింది వచ్చిన కొత్తలో.

“నిజమే తల్లీ. చెవి ఆరో నెలకే తయారవుతుంది. పెద్ద చప్పుళ్లకు అదిరిపడే వయసే ఇది,” అన్నాడాయన. ఆ మాట ఫోనులో సుశాంత్‌కు కూడా చేరింది. అప్పటి నుంచి రోజూ భోజనాల వేళ అతనిది ఒకటే ప్రశ్న: “తన్నాడా?”

మర్నాడు కుటుంబరావు నాపరాళ్ల గచ్చు మీద గ్లాసు పెట్టి, అంచు దాకా నీళ్లు పోశాడు. లాస్య కుర్చీలో కూర్చుంది. లలితాంబ ఆమె పొట్ట మీద చెయ్యి వేసి కళ్లు మూసుకుంది.

“ఇదిగో, ఆయన!” అంది.

ఆ క్షణానే గ్లాసులో నీటి మీద వలయాలు లేచాయి. పేలుడు తరువాత వినిపించింది.

కుటుంబరావు తొడ చరిచి నవ్వాడు. “బావగారు కాదే లలితా, భూమి! రాతిలో అదురు పరుగెత్తుకొస్తుంది. గాలిలో చప్పుడు వెనకబడుతుంది. నేల నుంచి కుర్చీకి, కుర్చీ నుంచి ఉమ్మనీటికి. కడుపులో బిడ్డకు మొట్టమొదట తెలిసేది స్పర్శే. అదురు తగిలి ఉలిక్కిపడుతున్నాడు, అంతే.”

“అయితే ఆయన కాదా?” లలితాంబ కళ్లు చెమర్చాయి.

“పోనీలే అత్తయ్యా. మామయ్యకి నా కడుపులో ఇరుకు,” అంది లాస్య. చాలా రోజులకు ముగ్గురూ కలిసి నవ్వారు.

ఒక్కసారి చూసినదాన్ని రుజువు అనడం కుటుంబరావుకు అలవాటు లేదు. మరునాడు ఇంట్లోని పత్తి పరుపులన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి, వాటి మీద లాస్యను కాళ్లు నేలకు ఆనకుండా కూర్చోబెట్టాడు.

“ఏంటి నాన్నా ఈ సింహాసనం?”

“అదురు నీ దాకా రాదు. ఈసారి వాడు మనలాగే చప్పుడు విన్నాకే ఎగురుతాడు. మీ అత్తయ్య అనుమానం తీరిపోతుంది.”

లలితాంబ పొట్ట మీద చెయ్యి వేసింది. గ్లాసులో నీరు వణికింది.

“కదల్లేదు అన్నయ్యా,” అంది ఆమె, ఓడిపోయిన గొంతుతో.

“చెప్పానా!” అంటూ కుటుంబరావు వేలు పైకెత్తి ఆగమన్నాడు.

పేలుడు వినిపించింది. అద్దాలు గలగల్లాడాయి, కాకులు లేచాయి.

బిడ్డ కదల్లేదు.