ఆలస్యానికి కారణం

దోహాలో మన ఎంబసీ ఎదుట నాది టైపింగ్ షాపు. కొడుకు పుట్టాడని స్వీటు డబ్బాతో వచ్చిన ఇంజనీరు మార్కండేయులుకు అప్పుడే చెప్పాను.

"ఏడాది లోపల ఎంబసీలో పిల్లోడి పేరెక్కించండి సార్. లేకుంటే తిప్పలు పడతారు."

ఆయన నవ్వాడు. "దోహాలో పుట్టినవాడికి ఇండియా దేనికయ్యా? వీడు పుట్టుకతోనే ఖతారీ!"

రెండేళ్ల తర్వాత పిల్లాణ్ణి చంకనేసుకుని మళ్లీ వచ్చాడు. ఇక్కడ పుట్టినంత మాత్రాన ఖతారీ అయిపోడని ఖతార్ పాస్‌పోర్టు ఆఫీసులో తేల్చేశారట. ఏ దేశం పాస్‌పోర్టూ లేక పిల్లాడి ప్రయాణం ఆగిపోయింది.

ఎంబసీలో పేరెక్కించే ఫారం టైపు చేస్తూ అడిగాను. "ఆలస్యానికి కారణం ఏం కొట్టమంటారు సార్?"

"అనారోగ్యం అని కొట్టు ఫయాజ్."

"ఎవరికి సార్?"

ఆయన చంకలోని పిల్లాణ్ణి సర్దుకున్నాడు.

'తండ్రికి' అని కొట్టి కాగితం ముందుకు తోశాను. చదివి, సంతకం పెట్టాడు.