అమ్మ నమిలి పెట్టిన ముద్ద

పళ్లు తోమే బ్రష్షులు ఇంటింటా రోగాలు చెప్పడం మొదలుపెట్టి పదేళ్లయింది. విజయనగరం జనపనార మిల్లులో పనిచేసే సన్యాసమ్మ మాత్రం ఇంకా పళ్లపొడితోనే తోముకునేది. చిగుళ్ల నుంచి రక్తం కారితే ఉమ్మేసి పనికి పోయేది.

ఆ ఉదయం కూతురు గౌరీశ్వరి పళ్లు తోముకుంటుంటే బ్రష్షు ఎప్పటిలాగే మెల్లగా మాట్లాడింది.

"నోటి క్రిములు మీ కడుపులో చేరి పుండు చేశాయి. అది కాన్సరుగా మారబోతోంది. ఇవాళే ఆసుపత్రికి వెళ్లండి. ఈ క్రిములు చిన్నతనంలో మీ అమ్మ నోటి నుంచి వచ్చాయి."

పొయ్యి దగ్గరున్న సన్యాసమ్మ చేతిలోంచి గరిటె జారిపోయింది. పళ్లు రాని బిడ్డకు జంతికలు నమిలి, మెత్తగా చేసి నోట్లో పెట్టిన రోజులు కళ్లముందు తిరిగాయి. అక్కడే కూలబడింది.

"నా సేత్తోనే నీకు ఇసం పెట్టేనేటే," అంది.

గౌరీశ్వరి నోటి నురగైనా కడుక్కోకుండా వచ్చి ఎదురుగా కూర్చుంది.

"నాది మొదట్లోనే తెలిసిందమ్మా, తీసేస్తారు. నువ్వు రెండేళ్ల నుంచీ కడుపులో మంటని సోడా తాగి ఊరుకుంటన్నావు. ఆ క్రిములు నీ కడుపులో ఎన్నేళ్ల నుంచి ఉన్నాయో?"

సన్యాసమ్మకు ఆ సంగతి అప్పటిదాకా తట్టనే లేదు.

ఆసుపత్రిలో గౌరీశ్వరి పుండును ఆ మధ్యాహ్నమే నోట్లోంచి గొట్టం వేసి తీసేశారు. అలాగే సన్యాసమ్మ కడుపు చూసిన డాక్టరు మాత్రం ఆమెను బయట కూర్చోమన్నాడు. తర్వాత కూతుర్ని ఒక్కదాన్నే లోపలికి పిలిచాడు.