ఆ జనం ఇంకా రాలేదు

గుర్రం పేగులు బేసిన్‌లో ఇంకా వెచ్చగానే ఉన్నాయి.

కాలువ ఒడ్డున గొంతుక్కూర్చుని వాటిని తిరగేసి కడుగుతున్నాను. ఎంత కడిగినా పచ్చగడ్డి వాసన పోవడం లేదు. పొద్దున మేసిన గడ్డి మరి.

పొద్దున అది మా తోటికోడలు అనార్‌కుల్ గుర్రం. పొదుగు నిండా పాలున్న మచ్చల గుర్రం. ఆ పాలు పులియబెట్టి, కుమిస్ చేసి, రోడ్డు పక్కన అమ్మి ఇద్దరాడపిల్లల్ని సాకుతోంది. మా మరిది ఎసెన్ మంచాన పడ్డ దగ్గర్నుంచి ఆ ఇంటికి అదొక్కటే ఆధారం.

ఎసెన్ పోయే ముందు మా అందరి ఎదుటే చెప్పాడు. "నా చావుకి టీ, రొట్టె చాలు. గుర్రం మీద చెయ్యి వేశారో, పైనుంచి చూస్తూనే ఉంటా."

చావులకి గుర్రాన్ని కొయ్యకూడదని ఊరు ఊరంతా చలికాలంలోనే తీర్మానం చేసుకుంది. అందరికంటే ముందు చెయ్యెత్తింది మా వంశంలో పెద్దవాడు, కెమెల్ పెద్దయ్యే.

మాలో మొగుడు పోయిన మనిషి, చావుకని వేసిన ఉన్ని గుడారంలో శవం పక్కన గోడవైపు తిరిగి కూర్చోవాలి. ఎవరొచ్చినా పాట కట్టి ఏడవాలి. లేచి బయటికి రాకూడదు. బయట ఏం తేలుస్తున్నారో ఎవరో ఒకరు వచ్చి చెప్పాల్సిందే.

వచ్చి చెప్పడానికి మగాళ్ళకి కరువా!

మొదట కెమెల్ పెద్దయ్య వచ్చాడు. గుమ్మం దగ్గరే నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"నాకైతే అక్కర్లేదమ్మా. నా పళ్ళకి గుర్రం మాంసం నమిలే శక్తి కూడా లేదు. కానీ జనం ఏమంటారు? ఎసెన్‌ని దిక్కులేనివాడిలా పూడ్చారంటారు."

"ఆయనే వద్దన్నాడు కదా పెద్దయ్యా," అంది అనార్‌కుల్, గోడవైపే చూస్తూ.

"పోయేవాళ్ళు అలాగే అంటారు తల్లీ. ఉన్నవాళ్ళం మనం ఆలోచించుకోవాలి."

తర్వాత పక్కింటి తుర్గన్‌బాయి. "నాకు రొట్టె ముక్కైనా చాలు వదినా. అంతా జనం కోసం."

ఆ తర్వాత నా మొగుడు. సొంత తమ్ముడి శవం ఎదురుగా పెట్టుకుని, "నాకిష్టమై చెబుతున్నానా అమ్మాయ్? నలుగురూ ఏమనుకుంటారు?" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. టీ కెటిల్ పట్టుకుని బయట కూర్చున్న మగాళ్ళ దగ్గరికి వెళ్ళాను. పోస్తూ పోస్తూ ఒక్కొక్కణ్ణీ అడిగాను.

"గుర్రాన్ని కోసి తీరాల్సిందేనా బాబూ, నీకోసం?"

"ఛఛ, నాకెందుకు? జనం ఊరుకోరు గానీ."

చివరివాడి దాకా అదే మాట. నేను టీ పొయ్యని మనిషంటూ మిగల్లేదు. ఆ జనం మాత్రం ఎక్కడా కనబడలేదు.

"పోనీ నువ్వే గట్టిగా వద్దను పెద్దయ్యా. నీ మాట ఎవరు కాదంటారు?" అన్నాను కెమెల్‌తో.

"తీర్మానం తీర్మానమే అనుకో. కానీ మొదలుపెట్టేది మన ఇంటి నుంచేనా? ముందు ఆ పై వీధివాళ్ళని మొదలుపెట్టనీ."

లోపలికి మళ్ళీ కబురెళ్ళింది. రేపు ఈ పిల్లల్ని వెంటబెట్టుకుని ఊళ్ళో ఏ ముఖంతో తిరుగుతావని.



"కొయ్యండి," అంది అనార్‌కుల్.

మచ్చల గుర్రం కొత్తవాళ్ళు పట్టుకుంటే కదలదు. అందుకని అనార్‌కుల్ పెద్దకూతురు మేరిమ్ చేతికి తాడిచ్చి నడిపించారు. అది ఆ పిల్ల భుజం మీద మూతి ఆనించుకుని వెంట వెళ్ళింది.

శవాన్ని పూడ్చి వచ్చారు. చేతులు కడుక్కున్నారు. గుడారం పక్కనే వరసగా కూర్చున్నారు.

వయసుకు తగ్గ మర్యాదగా తుంటి ఎముక కెమెల్ పెద్దయ్యకే దక్కింది. కొవ్వు గడ్డం మీదుగా కారుతోంది. ఆయన పళ్ళ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

నేను చారు పోస్తున్నాను.

"ఏం మనిషయ్యా!" అన్నాడాయన తుర్గన్‌బాయితో. "పాలిచ్చే గుర్రాన్ని కోయించేసింది. ఇంట్లో ఇంకోటి ఉందా అంటే అదీ లేదు."

"మొదట్నుంచీ అంతేగా. డాబు ఎక్కువ."

"మా ఇంటిదైతే చచ్చినా ఒప్పుకునేది కాదు. అది ఈమె గుణం, ఏం చేస్తాం!"

నా మొగుడు విన్నాడు. విని కూడా నమలడం ఆపలేదు. నలుగురి ముందూ ఏమంటాడు పాపం!

నా చేతులకి పేగుల వాసన. వీళ్ళ నోళ్ళకి అంతకంటే పాడు వాసన. ఛీ! గరిటె వీళ్ళ మొహాన కొట్టాలనిపించింది.

అంతలో కొండ కనుమ అవతలి చుట్టాలు ఆలస్యంగా వచ్చి, గుర్రాలు దిగి, పెద్దగా ఏడుస్తూ గుడారం వైపు నడిచారు. లోపలినుంచి అనార్‌కుల్ పాట ఎత్తుకుంది.

ఉన్ని గోడే కదా, ప్రతి మాటా బయటికి వినబడుతోంది.

"నా పిల్లల కడుపు నింపినదానా... కట్టుకొయ్య దగ్గర నీ కూన నీకోసం అరుస్తోందే... నా బిడ్డ తాడు పడితే నమ్మి వెళ్ళావా, నా మచ్చల తల్లీ..."

కట్టుకొయ్య దగ్గర గుర్రప్పిల్ల నిజంగానే అరుస్తోంది.

మేరిమ్ రెండు చెవులూ మూసుకుని పొయ్యి వెనక్కి వెళ్ళిపోయింది.

కెమెల్ పెద్దయ్య మోచేత్తో కళ్ళు ఒత్తుకున్నాడు.

"మొగుణ్ణి తలుచుకుని ఎంత బాగా ఏడుస్తోందో, పాపం," అన్నాడు.

ఇంకొంచెం చారు పొయ్యమని గిన్నె నా ముందుకు జాపాడు.