నేలమట్టం గీత

"ఇద్రీస్ తన్నిన పెనాల్టీ అడ్డకర్రకు తగిలింది. మన క్లబ్బు పతనం అక్కడే మొదలైంది."

దీప్తి చదవడం ఆపి తలెత్తింది. హాలియాలో జూనియర్ కాలేజీ లెక్చరర్. ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు చరిత్రను నాలుగు పేజీల్లో రాసింది. రేపు గ్రౌండు ఖాళీ చేస్తున్నారు. అక్కడ మార్కెట్ షెడ్లు కడతారు. వీడుకోలు సభలో ఆ నాలుగు పేజీలు పంచాలి.

"మంచిగ రాసినవ్ బిడ్డా," అన్నాడు అబ్దుల్ హమీద్. డెబ్బై ఆరేళ్ళ వడ్రంగి. చూపు పోయి ఆరేళ్ళయింది. అయినా రోజూ వచ్చి దుకాణంలో కూర్చుంటాడు. "గోల్‌పోస్టులు చేసినోని పేరు గూడ రాయి."

పక్కన ఇద్రీస్ తలుపు చెక్కకు చిత్రిక పడుతున్నాడు. చెయ్యి ఆపలేదు. అతని చేతికి బాడిసె ఇచ్చిందీ, కాలికి బంతి ఇచ్చిందీ హమీదే.

నలభై ఐదేళ్ళ కింద, కాలువ గేట్ల దగ్గర పనిచేసేవాళ్ళు పెట్టిన క్లబ్బు అది. నల్గొండ మీద గెలిచింది. మహబూబ్‌నగర్ మీద గెలిచింది. కప్పు మాత్రం ఎన్నడూ తేలేదు. ఎనిమిదేళ్ళ కింద ఒక్కసారి ఫైనల్‌కు వచ్చింది. కొత్తకోటతో, సొంత గ్రౌండులో. ఆట పెనాల్టీల దాకా పోయింది. ఆఖరి తన్ను ఇద్రీస్‌ది. బంతి అడ్డకర్ర అంచుకు కొట్టుకుని వెనక్కి వచ్చింది.

ఆ తర్వాత పిల్లలు ఒక్కొక్కరే క్రికెట్‌కు పోయారు. ఇద్రీస్ 'అడ్డకర్ర ఇద్రీస్' అయ్యాడు. ఆ సాయంత్రం అందరూ పోయాక కూడా అతను గోల్‌పోస్టు మొదట్లో కూర్చుని, వేళ్ళతో మన్ను గీకుతూ ఏడ్చాడని ఊరంతా చెప్పుకున్నారు.

"ఒక్క సంగతి చాచా," అంది దీప్తి. "కొత్తకోట గోల్‌కీపర్ అమరేందర్‌కు నిన్న ఫోన్ చేసిన. ఆ రోజు అడ్డకర్ర కిందికి ఉండె, ఎగరకుండనే నా చేతికి అందింది అంటున్నడు."

హమీద్ ముఖం ఎర్రబడింది.

"గెలిచినోనికి గిప్పుడెందుకు నొప్పి? యాభై ఏండ్ల సంది గీ ఊర్ల తలుపులు నేనే పెట్టిన. ఒక్క తలుపన్న నేలకు రాసిందా? ఫైనల్ ముందే నా కండ్లు మసకలైనయని గుసగుసలు పెట్టిన్రు. అందుకే ఎవ్వన్నీ ముట్టనియ్యలె, ఆ పోస్టులు నేనొక్కన్నే పాతిన."

"ఇప్పుడు తెలుసుకునేదెట్ల? అడ్డకర్ర లేదు గదా."

"లేకుంటేంది? ఆ గోల్‌ది కాలువ దిక్కు పోస్టు ఒకటి మిగిలింది గద. పాతే ముందు పోస్టు మీద రంపంతోని ఒక గీత కోస్త. గీత మట్టికి సమంగ ఉంటె కొలత సరి. మట్టి కిందికి పోతె పోస్టు పొట్టి. రేపు అందరి ముందు నా వేళ్ళతోనే చూస్త. జరంత కిందికున్నా నువ్వు రాసింది కొట్టెయ్యి. నా పేరు గూడ కొట్టెయ్యి."

దీప్తి ఇద్రీస్ వైపు తిరిగింది. "నువ్వేమంటవ్ అన్నా?"

"నేనేమంట మేడమ్. తన్నింది నేనే."

"గీనికి ఇంటి గోడంత గోల్ ఇచ్చినా అడ్డకర్రకే కొడతడు," అని హమీద్ గట్టిగా నవ్వాడు.

ఇంట్లో ఇద్రీస్ భార్య జేబా అన్నం వడ్డిస్తూ మొగుడి ముఖం చూసింది. బళ్ళో పిల్లలు వాళ్ళ కూతురు ఉజ్మాను 'అడ్డకర్ర బిడ్డ' అంటారు. పదకొండేళ్ళ పిల్ల. ఏడ్చుకుంటూ వచ్చిన రోజులు ఎన్నో.

"నోటి మాటంటె ఎప్పటికన్న పోతది. పుస్తకంల పడితె పోదు. గా గీత కిందికి ఉండాలని దువా చేస్తున్న," అంది.

"ఫికర్ చెయ్యకు. నేను చూసుకుంట," అన్నాడు ఇద్రీస్.

తెల్లవారుతూనే పనిముట్ల సంచి భుజాన వేసుకుని బయటికి పోయాడు. ఎక్కడికని జేబా అడగలేదు. ఆమె ముఖంలో చాలా రోజులకు కాస్త వెలుగు కనిపించింది.

పది గంటలకు సభ. అప్పుడే చిన్న వాన పడి వెలిసింది. గ్రౌండు చదును చేయడానికి డ్రైవర్ నరేశ్ జేసీబీ తెచ్చి పక్కన ఆపాడు. దీప్తి చేతిలో కాగితాలు, పెన్ను. ఉజ్మా చెయ్యి పట్టుకుని జేబా ముందు వరుసలో నిలబడింది.

ఇద్రీస్ తన ఉస్తాద్ హమీద్‌ను నడిపించుకుని వచ్చాడు. ఆయన పోస్టు ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆయన వేళ్ళు కర్ర మీదుగా మెల్లగా కిందికి జరిగాయి.

వేళ్ళు ఆగాయి.

"ఇగో! పట్టి చూడు బిడ్డా!"

దీప్తి వంగి చూసింది. గీత ఉంది. సరిగ్గా మట్టికి సమంగా ఉంది.

"సరిగనే ఉంది చాచా."

చప్పట్లు మోగాయి. "అడ్డకర్ర తప్పు లేదట ఇద్రీసూ!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. అందరూ నవ్వారు.

"కండ్లు పోయినయన్నరు గద! చెయ్యి పోలేదుర నాది!" హమీద్ గుడ్డి కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. లేవలేక ఇద్రీస్ భుజం పట్టుకున్నాడు.

దీప్తి పెన్ను మూసి సంచిలో వేసుకుంది. జేబా తల దించుకుంది. ఉజ్మా తల్లి చెయ్యి విడిపించుకుని, తండ్రి వైపు చూడకుండా ఇంటి దారి పట్టింది.

ఇద్రీస్ ఒక చేత్తో ఉస్తాద్‌ను ఆనించుకుని, రెండో చెయ్యి జేబులో పెట్టి, పొద్దున ఆ పోస్టు మొదట్లో జానెడు లోతు తవ్వి బాడిసెతో చెక్కి తీసిన ఆయన అసలు గీత ఉన్న చెక్కముక్కను పిడికిట్లో గట్టిగా బిగించాడు.