నీళ్లు వదిలిన చోటు

“కాలు సూసి పెట్టత్తా. పాచి పట్టి ఉండాది,” అన్నాడు బాలచంద్ర.

మునిరత్నమ్మ బండ మీద ఆగి ఊపిరి తీసుకుంది. పక్కనే వంక నిండుగా పారుతోంది. తుపాను వానలకు వచ్చిన నీళ్లు ఇంకా తగ్గలేదు. వడమాలపేట అవతల, ఈదలకోనలో నడకకు వచ్చేవాళ్లు వాడే దారి అది. వంకకు ఈ గట్టున ఎక్కి, పైన గుండం దగ్గర బండల మీదుగా దాటి, ఆ గట్టు వెంట దిగితే మళ్లీ బయలుదేరిన గేటు దగ్గరికే వస్తారు. పోయిన నెల ఈ దారిలోనే మొగుడితో కలిసి నడిచిన ఆమె కూతురు కోమలి మాత్రం గేటు దగ్గరికి రాలేదు.

“ఆ తావు సూపిస్తా రా అత్తా,” అని నిన్న ఫోన్ చేశాడు అల్లుడు. రానంటే ఏమనుకుంటాడోనని పూతలపట్టులో పొద్దున్నే బస్సెక్కి వచ్చేసింది.

మామూలు రోజు కావడంతో జనం లేరు. మద్దిచెట్లు దగ్గరపడే కొద్దీ వెలుతురు తగ్గింది. నీళ్ల శబ్దం తప్ప ఇంకేమీ వినిపించడం లేదు.

“ఈడికొస్తాండావని ఎవరికన్నా సెప్పినావా?” అన్నాడు బాలచంద్ర.

“ఎవరికి సెప్తా నాయనా? ఇంట్లో ఎవరుండారు?”

“సరే. నువ్వు ముందు నడువు.”

ఆమె ముందు నడిచింది. వెనక అతని చెప్పుల కింద ఎండుటాకులు నలుగుతున్నాయి.

“పోయే ముందురోజు కోమలి నీకు ఫోన్ సేసింది గదా. ఏం సెప్పింది?”

“తిన్నావా అని అడిగింది.”

“అంతేనా?”

“అంతే.”

అంతకుముందు పండక్కి వచ్చినప్పుడు కోమలి భుజం కమిలి ఉంది. గడపకు తగిలిందని చెప్పింది. ఆ మాట ఇప్పుడు ఎత్తితే ఏమవుతుందో మునిరత్నమ్మకు తెలుసు. ఎత్తలేదు.

గుండం దగ్గర నీళ్లు రెండు బండల నడుమ నుంచి దూకి నల్లగా సుడి తిరుగుతున్నాయి.

“ఇదే,” అన్నాడు బాలచంద్ర. “ఫోన్‌కి సిగ్నల్ దొరకతాదేమోనని నేను ముందుకి పోయినా. తిరిగొచ్చి సూస్తే సెప్పులుండాయి, చున్నీ ఉండాది. మనిషి లేదు.”

“అరవలేదా?”

అతను ఆమె మొహంలోకి చూశాడు. “నాకేం వినబళ్లేదు. నువ్వేమనుకుంటాండావు?”

“నేనేమనుకుంటా నాయనా. దాని రాత.”

“పోలీసోళ్లొచ్చినప్పుడు గూడా నువ్వు ఏడవలేదత్తా. దినం గూడా సెయ్యలేదంట.”

“శవం దొరకలేదు గదా.”

“దొరకదు.”

అతను భుజానికున్న సంచి దించి, అందులోంచి ఒక్కొక్కటీ తీసి బండ మీద పెట్టాడు. అరిటాకులో కట్టిన అన్నం, నువ్వులు, పసుపు కుంకుమ, కోమలి కట్టుకునే పచ్చచీర.

“మా ఇంట్లో సేసేసినాం. పుట్టింటోళ్లది మిగిలుండాది. ఈడే సెయ్యి.”

మునిరత్నమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. “ఆడోళ్లు సెయ్యకూడదు నాయనా.”

“దానికి నాయన లేడు, అన్నదమ్ముల్లేరు. కన్నదానివి నువ్వే గదా. సెయ్యి. నేను సూస్తా.”

ఆమె గుండం అంచుకు వెళ్లి కూర్చుంది. బండ తడిగా ఉంది. బాలచంద్ర వచ్చి వెనకే నిలబడ్డాడు. అతని నీడ ఆమె మీదుగా నీళ్ల మీద పడింది. ఇక్కడ ఎవరు పడిపోయినా జారిందనే అనుకుంటారు.

పసుపు కుంకుమ చల్లింది. చీర మడత విప్పి నీళ్లలో వదిలింది. అది ఒకసారి మనిషిలా ఉబ్బి, సుడిలోకి పోయింది. అన్నంలో నువ్వులు కలిపి ముద్ద చేసింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆ చేత్తోనే ఆమె కోమలికి తొలిముద్ద పెట్టింది.

“పేరు సెప్పాల,” అన్నాడు వెనక నుంచి. “పోయినోళ్ల పేరు సెప్పి వదలాల.”

మునిరత్నమ్మ ముద్దను రెండు చేతుల్లోకి తీసుకుంది. బండ మీద ఒక అడుగు దగ్గరికి జరిగిన చప్పుడైంది.

“కోమలీ,” అంది. “పోయినావు గదమ్మా. ఈ ముద్ద నీకే. తీసుకో తల్లీ.”

ముద్ద నీళ్లలో పడింది. అప్పుడు ఏడుపొచ్చింది. బండను పట్టుకుని, నుదురు ఆనించి, గొంతు పూడిపోయేదాకా ఏడ్చింది. అంత ఏడుపు తనలో ఉందని ఆమెకే తెలియదు.

కాసేపటికి భుజం మీద చెయ్యి పడింది. ఆమె బండను ఇంకా గట్టిగా పట్టుకుంది.

“లే అత్తా,” అన్నాడు బాలచంద్ర. గొంతులో బిగువు లేదు. “సాల్లే. లెయ్యి.”

వంక దాటి ఆ గట్టున దిగేటప్పుడు అతనే ముందు నడిచాడు. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. గేటు దగ్గర ఆగి, “కింది ఊళ్లల్లో మనుషుల్ని పెట్టి వెతికిస్తాండా. ఇంక వద్దని సెప్పేస్తా,” అన్నాడు.

“అట్లే నాయనా.”

తిరుపతి బస్సెక్కించి, అది కదిలేదాకా రోడ్డు పక్కనే నిలబడ్డాడు.

మునిరత్నమ్మ రేణిగుంటలో దిగింది. రోడ్డు దాటి, వచ్చిన వైపే వెళ్లే పుత్తూరు బస్సెక్కింది. వడమాలపేట దాటేదాకా కొంగు తలమీదుగా లాక్కుని కూర్చుంది. పుత్తూరులో ఇంకో బస్సు మారి సాయంత్రానికి సత్యవేడు చేరింది. కోమలితో కలిసి చదువుకున్న స్టెల్లా ఇల్లు అక్కడ చర్చి వెనక వీధిలో ఉంది. వీధి అటూ ఇటూ చూసి మెల్లగా తలుపు కొట్టింది.

లోపల గడియ తీసిన చప్పుడైంది. తలుపు జానెడు తెరుచుకుంది.

“నమ్మినాడా అమ్మా?” అంది కోమలి.